వ్రాతకు ముందు వ్రేళ్లు
(శిశుతరగతుల తల్లిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ సమావేశమున పరీక్షల ఫలితములను, క్రొత్త గదుల నిర్మాణమును, చందాలను గూర్చి మాటలాడుట మాకు పరిపాటి. ఈ మారు ఆ విషయములను కార్యదర్శిగారి నివేదికకే విడిచి, చూచుటకు మిక్కిలి చిన్నదిగా నుండు నొక సంగతిని మీ యెదుట పెట్ట దలచితిమి. అది మీ బిడ్డ చేతిలోని మూడు వ్రేళ్లను గూర్చినది: బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు.

ఇంత చిన్న సంగతికి ఒక సభ యెందులకని మీరడుగవచ్చును. కారణము చెప్పెదము. బడి తెరచిన మొదటి రెండు నెలలలో తల్లులును తండ్రులును కొందరు మా వద్దకు వచ్చిరి. వారందరు చెప్పినది దాదాపు ఒక్కటే. "మాస్టరుగారూ, ఇంటిలో మేము తెలుగే మాటలాడుచున్నాము. బిడ్డకు మాట వచ్చినది, అది చాలును. తమిళము తప్పదు, ఇంగ్లీషు తప్పదు. మూడు లిపులు వ్రాయలేక చేయి నొచ్చుచున్నదని బిడ్డ యేడ్చుచున్నాడు. తెలుగు అక్షరములు మరీ గుండ్రములు, అన్నియు మెలికలు. తెలుగు వ్రాత యొక్కటి తీసివేయుడు" అని. అది కోపముతో అన్న మాట కాదు, బిడ్డ కన్నీరు చూడలేక అన్న మాట.

తమిళనాడులో 2006వ సంవత్సరమున చేసిన చట్టము ననుసరించి ఒకటవ తరగతి నుండి తమిళము నేర్వవలసి యున్నది. నేర్వవలదని మేమెన్నడు ననలేదు. మనము నివసించు నేల భాష అది, మన ఇరుగుపొరుగుల భాష అది. ఇంగ్లీషు మాట చెప్పనక్కర లేదు. కావున బరువు తగ్గింపవలె ననగనే మొదట దింపు మూట తెలుగే యగుచున్నది. దానిని మోయుమని బలవంతము చేయువారు లేరు గదా. అట్లు దింపిన ఇండ్లలో ఏమగునో మనకు తెలియును. ఇంట చక్కని తెలుగు మాటలాడుచు, తెలుగు పుస్తకము చేతికిచ్చిన అటునిటు త్రిప్పి చూచి క్రింద పెట్టు పెద్దలు ఈ చెన్నపట్టణమున మన పేటలలో ఎందరు లేరు? వారికి చిన్ననాట ఎవరో దయతలచియే వ్రాత మాన్పిరి.

చేయి నొచ్చుట నిజమే. దానిని మేము కాదనము. కాని ఆ నొప్పికి కారణము తెలుగు లిపి కాదు. చేయి సిద్ధము కాక మునుపే దానికి పెన్సిలు నిచ్చితిమి. ఆ తప్పులో మీకు కొంత పాలు కలదు, మాకు అంతకంటె నెక్కువ పాలు కలదు.

ఒక బాలుని సంగతి చెప్పెదము. వాని వయస్సు ఐదేండ్లు. వాని తల్లిగారు వచ్చి పై మాట అన్నప్పుడు, "ఒక్క వారము గడువీయుడమ్మా" అని అడిగి, ఆ వారము వానిని ఊరక గమనించితిమి. వాడు పెన్సిలును పిడికిట పట్టి, బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్లపై చుట్టి, నేలలో గునపము దించినట్లు వ్రాయుచుండెను. మొన రెండు మారులు విరిగెను. కాగితము చినిగెను. భుజము చెవిదాక లేచుచుండెను. కూర్చున్న చోట పాదములు నేలనంటక వ్రేలాడుచుండెను. తెలుగు పుస్తకమునందే యిట్లు జరుగుచున్నదని మొదట మేమును అనుకొంటిమి. తమిళపు పుస్తకము తెరచి కాగితము వెనుకవైపు తడిమి చూడగా అక్షరములు చేతికి గరుకుగా తగిలినవి. ఇంగ్లీషు పుస్తకమునందును అంతే ఒత్తుడు. మూడు లిపులలోను నొచ్చుచున్న చేయి ఒక్కటే. మరి కన్నీరు తెలుగు పుస్తకముపైననే యేల పడినది? మా కాలపట్టికలో వ్రాతకు సంబంధించిన గంటలలో తెలుగు మూడవది. అప్పటికి చేయి అలసి యుండెను. ఇంత తేలికైన సంగతి కనిపెట్టుటకు మాకొక వారము పట్టినది.

అదే వారములో మధ్యాహ్న భోజనపు వేళలలో మరికొంత చూచితిమి. అన్నపు డబ్బా మూత వానికి రాలేదు, ఆయా తీసి యిచ్చెను. నీటి సీసా మూత త్రిప్పుట రాదు. చొక్కా బొత్తాములు పెట్టుకొనుట రాదు. ఇంట నాయనమ్మ కలిపి ముద్దలు నోటికిచ్చును గావున అన్నము కలుపుకొనుట రాదు. ఇవన్నియు వానిమీది ముద్దుచేత జరిగినవే. కాని ఐదేండ్ల పాటు వాని వ్రేళ్లకు ఎవ్వరును ఒక పని చెప్పలేదు. పిదప ఒకనాడు పెన్సిలిచ్చి, వ్రేళ్లు చేయు పనులలో మిక్కిలి కష్టమైనదానిని చెప్పితిమి.

చేతిని గూర్చి వైద్యశాస్త్రము చెప్పు రెండు మూడు సంగతులు ఇచ్చట చెప్పుట మంచిది. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు కలవు. బిడ్డ పుట్టునప్పుడు అవి యెముకలు కావు, మెత్తని మృదులాస్థి. ఏండ్ల తరబడి ఒకదాని పిదప నొకటి గట్టిపడును. ఐదేండ్ల బిడ్డ మణికట్టున కొన్ని ఇంకను పూర్తిగా ఎముకలై యుండవు. చివరి చిన్న యెముక సాధారణముగా ఎనిమిది పండ్రెండేండ్ల నడుమ గాని కనబడదు. ఇక వ్రేళ్లను గట్టిగా ముడుచు పెద్ద కండరములు వ్రేళ్లలో లేవు, ముంజేతిలో నున్నవి. తోలుబొమ్మను దూరము నుండి త్రాళ్లతో ఆడించినట్లు అవి వ్రేళ్లను లాగును. సన్నని పని చేయించు చిన్న కండరములు అరచేతిలో నున్నవి. బలము భుజము నుండి మోచేతికి, మోచేతి నుండి మణికట్టునకు, అచ్చటి నుండి వ్రేళ్లకు క్రమముగా దిగి వచ్చును. భుజము నిలకడ లేని బిడ్డకు వ్రేళ్ల నిలకడ రాదు. మునివేళ్లు చేయవలసిన పనిని మా బాలుడు భుజముతో చేయబోయెను. అందుకే అది చెవిదాక లేచినది.

పెన్సిలు పట్టుకొను రీతియు ఇట్లే మెట్లు మెట్లుగా వచ్చును. ఏడాదిన్నర బిడ్డ పిడికిట పట్టును. రెండు మూడేండ్లకు వ్రేళ్లను క్రిందికి చాచి పట్టును. మూడున్నర నాలుగేండ్లకు మూడు వ్రేళ్ల పట్టు వచ్చును గాని, అప్పుడును వ్రేళ్లు కదలవు, చేయి మొత్తము కదలును. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు మాత్రమే కదలుచు చేయి బల్లపై నిలుచుట సాధారణముగా నాలుగున్నరకు ఆరేండ్లకు నడుమ జరుగును. బిడ్డకును బిడ్డకును భేదముండును. ప్రక్కయింటి బిడ్డ నాలుగేండ్లకే చక్కగా వ్రాయుచున్నాడని మన బిడ్డకు తొందర చేయుటలో అర్థము లేదు. మేము మూడున్నర యేండ్లవారికి రెండు గీతల నడుమ అక్షరములు వ్రాయించి, వార్షికోత్సవమున ఆ పుస్తకములను ప్రదర్శించి, మీ మెప్పు పొందితిమి. ఆ మెప్పు మాకు రాదగినది కాదు.

ఈ మూడు వ్రేళ్లకు బలమెట్లు వచ్చును? అంగడికి పోయి రబ్బరు బంతులును పరికరములును కొననక్కర లేదు. తెలుగింటి వాకిటనే ఆ విద్య కలదు. ముగ్గు వేయు చేతిని మీరెప్పుడైన నిదానించి చూచితిరా? పిండిని బొటనవ్రేలికి తక్కిన రెండు వ్రేళ్లకు నడుమ పట్టుదుము. ఉంగరపువ్రేలును చిటికెనవ్రేలును లోనికి మడతపడి ఊరకుండును. పిండి ధారగా రాలుటకు ఎంత వదలు చేయవలెనో అంతే వదలు చేయవలెను. ఎక్కువ వదలిన గీత లావగును, బిగించిన తెగిపోవును. ఇది పెన్సిలు పట్టు గాక మరేమి? ఇంతకు మించి, ముగ్గు చేతికి ఒత్తుడు నేర్పును. పెన్సిలుతో వ్రాయు బిడ్డలలో కొందరికి బలము చాలదు. మరికొందరికి బలమున్నది గాని ఎంత వాడవలెనో తెలియదు. ఆ రెండవ లోపమును దిద్దుటకు ముగ్గును మించిన దానిని మేమెరుగము. వంగి కూర్చుండి చేయి చాచి వేయుటచే భుజమునకును పని కలుగును. చుక్కలు పెట్టి వాని చుట్టు గీత త్రిప్పుటలో తెలుగు అక్షరపు వంపులన్నియు వచ్చును. తమిళ సోదరీమణులు దీనినే కోలమందురు. పొరుగింటి మామిగారు మన బిడ్డకు నేర్పినను మంచిదే. మగబిడ్డలకు ముగ్గు ఏమిటని నవ్వు తండ్రులు వారి బిడ్డ పుస్తకము తెచ్చి మాకు చూపవలెను. రాతిపొడి బదులు బియ్యపు పిండి యిండు. నోట పెట్టుకొన్నను భయము లేదు, మిగిలినది చీమలు తినును.

మరియొకటి వామనగుంటలాట. అటకపై నున్న గుంటల పీట దింపుడు. లేని యెడల నేలపై సుద్దతో గుండ్రములు గీసిన చాలును. ఈ యాటలో బిడ్డ గుప్పెడు చింతపిక్కలు తీసికొని, ఒక్కొక్కటిగా గుంటలలో విడువవలెను. గుప్పిట నున్న పిక్కలలో ఒక్కదానిని మాత్రమే బొటనవ్రేలితో మునివేళ్లకు త్రోయవలెను, తక్కినవి అరచేతిలో నిలువవలెను. చివరి రెండు వ్రేళ్లు పట్టియుంచుట, మొదటి మూడు పని చేయుట. చేతిని ఇట్లు రెండు భాగములుగా వాడ నేర్చిన బిడ్డకు పెన్సిలు పట్టుట చెప్పనక్కర లేదు. గచ్చకాయలు, గోళీలు, బొంగరమునకు త్రాడు చుట్టుట, ఇవియు నట్టివే.

వంటయింటి పనులలో చపాతి పిండి పిసుకుట అరచేతికి మంచిది. చిక్కుడుకాయల ఈనెలు తీయుట, బఠాణీలు వలచుట, చింతపండులో పిక్కలు తీయుట, వెల్లుల్లి పొట్టు తీయుట మునివేళ్లకు మంచివి. పూలు గ్రుచ్చుట సరేసరి. తడిగుడ్డ పిండుటచే మణికట్టు బలపడును. బట్టలారవేసి తీగెపై క్లిప్పులు పెట్టు పని బిడ్డ కిచ్చిన వాడు దానిని ఆటగా చేయును. బొత్తాములు వానినే పెట్టుకొననిండు. వేరుసెనగకాయలు వలిచి మనుమని చేతిలో గింజలు పోయు తాతగారలు ఇకమీద కాయలనే ఇత్తురుగాక.

ఒక్క హెచ్చరిక. ఐదేండ్ల లోపు పిల్లలను సెనగగింజలు, చింతపిక్కలు, పూసలు, గోళీలతో ఒంటరిగా విడువరాదు. అవి ముక్కులో దూరును, గొంతున అడ్డుపడును. పెద్దలొకరు ఎదుట కూర్చుండవలెను. మూడేండ్ల లోపు వారికి వీని నసలే యీయరాదు, పిండిముద్ద చాలును.

"ఉదయమున ఎలక్ట్రిక్ రైలు పట్టుకొని పనికి పోవు మాకు, బిడ్డ బొత్తాములు పెట్టుకొను వరకు నిలుచు తీరిక యెక్కడిది?" అని ఒక తల్లిగారు మమ్ము సూటిగా నడిగిరి. న్యాయమైన ప్రశ్న. ఉదయము తొందరలో మీరే పెట్టుడు. సాయంకాలము బడి చొక్కా విప్పునప్పుడు మాత్రము వానికి విడువుడు. విప్పుట పెట్టుటకంటె సులభము, మొదట అదియే నేర్వవలెను. ఆదివారము ఒక గంట పిండిముద్దయో, చిక్కుడుకాయలో ఈయుడు. అంతకు మించి మేమడుగము. తీరిక లేనిచో బిడ్డ కూరకుండునని చేతిఫోను ఇచ్చుట మాత్రము ఈ పనికి ప్రత్యామ్నాయము కాదు. అద్దముపై జరుపు వ్రేలికి ఎదురొత్తుడు లేదు. ఎదురొత్తుడు లేక వ్రేలికి బలము రాదు.

ఈ మాటలు మేము క్రొత్తగా కల్పించినవి కావు. 1789లో ఈ చెన్నపట్టణమున ఎగ్మూరులో నుండిన సైనికుల అనాథబాలుర శరణాలయమునకు ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశపు మతాచార్యుడు అధికారిగా వచ్చెను. ఆయన ఒక నాటు బడిలో పిల్లలు నేలపై కూర్చుండి ఇసుకలో వ్రేలితో అక్షరములు వ్రాయుట చూచి, ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టెను. 1797లో దానిని గూర్చి లండనులో పుస్తకము ప్రకటించెను. మదరాసు పద్ధతి అను పేరుతో అది ఇంగ్లండు పాఠశాలలకు ప్రాకెను. పెద్ద పిల్లలచే చిన్న పిల్లలకు చెప్పించుట ఆ పద్ధతిలో ముఖ్యాంశము, ఇసుకవ్రాత అందొక భాగము. మన వీధిబడి ఇసుకను తెల్లదొర కన్నులకద్దుకొని తీసికొనిపోయెను. మనము దానిని నాగరికము కాదని ఊడ్చివేసితిమి.

ఇటలీ దేశస్థురాలు మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6వ తేదీన రోములో పేదల పేటలో బాలల గృహము తెరచెను. ఆమె గరుకు కాగితమున కత్తిరించి పలకపై అంటించిన అక్షరములను బిడ్డలచే రెండు వ్రేళ్లతో తడిమించెను. గుబ్బలు గల చిన్న కొయ్య స్తంభములను మూడు వ్రేళ్లతో పట్టి గుంటలలో దించు పని ఆమె బడిలో పెన్సిలుకు ఎంతో ముందే వచ్చును. గుబ్బ పట్టిన ఆ మూడు వ్రేళ్లే పిదప పెన్సిలు పట్టును. ఆమె 1939లో దివ్యజ్ఞాన సమాజము వారి ఆహ్వానముపై మన అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. ఇసుకలో దిద్దుటయు, గరుకు కాగితము తడుముటయు ఒకే యెరుకపై నిలచినవి. అక్షరపు ఆకారమును చేయి ముందు నేర్వవలెను, పెన్సిలును మోయు బరువు తరువాత రావలెను. రెంటిని ఒకేసారి నెత్తిన పెట్టుట చేతనే బిడ్డ యేడ్చుచున్నాడు.

ఇక మన లిపిపై వచ్చిన అపవాదు. గుండ్రని అక్షరములు కష్టమను మాట సగము నిజము, సగము అబద్ధము. బిడ్డలు బొమ్మలు చూచి గీయు క్రమము నెరిగినవారు చెప్పునది యేమనగా, నిలువుగీత అడ్డగీతల పిదప సుమారు మూడేండ్లకు సున్న వచ్చును, నాలుగేండ్లకు కూడిక గుర్తు, ఐదేండ్లకు చతురస్రము, త్రిభుజము ఆ పిదప. వాలుగీతలు చివర వచ్చును. అనగా సున్న కష్టము కాదు. ఇంగ్లీషు పెద్దబడి అక్షరములలోని వాలుగీతలకంటె ముందే అది చేతికి వచ్చును. తమిళమున ట, ప యను అక్షరములు నిలువు అడ్డగీతల కూర్పు గావున మొదట సులభముగా తోచును, ఇదియు నిజమే. తెలుగునందలి కష్టము గుండ్రమున లేదు, చేయి ఎత్తక ఒక వంపు నుండి మరియొక వంపునకు తిరుగుటలో నున్నది. పెద్ద సున్నను మూడేండ్ల బిడ్డ చేతితో త్రిప్పగలడు. చిన్న సున్నను రెండు గీతల నడుమ త్రిప్పుటకు వ్రేళ్లు కావలెను. కావున చోటు పెంచిన కష్టము తగ్గును. నేలపై సుద్దతో మూరెడు ర వ్రాసిన బిడ్డ, పలకపై జానెడు ర వ్రాయును, పిదప కాగితముపై అంగుళపు ర వ్రాయును.

అక్షరముల వరుస మాటయు చెప్పవలెను. అ మొదట వచ్చుననియే దానిని మొదట వ్రాయించుచుంటిమి. అందున్న వంపులెన్నో మీరే వ్రాసి చూడుడు. నోటితో వల్లించుటకు అ ఆ ఇ ఈ వరుస ఉండనిండు, దానికి మేము అడ్డము రాము. వ్రాయుటకు మాత్రము సున్నతో మొదలిడుదము. సున్న యక్షరమే. దానికి తలకట్టు పెట్టిన ర యగును. నడుమ చుక్క యుంచిన ఠ యగును. పిదప గ. ద వచ్చిన, అడుగున చిన్న గీతతో ధ, లోపల చుక్కతో థ. ప వచ్చిన ఫ వచ్చినట్లే, డ వచ్చిన ఢ వచ్చినట్లే. ఝ, ఖ వంటివి తొందరలేదు. అక్షరాభ్యాసము నాడు బియ్యములో ఓనమాలు దిద్దించు వేడుకను మాత్రము మానవలదు. పసివాని వ్రేలు పట్టి తండ్రి దిద్దించుట ఆశీర్వచనము, అది పాఠము కాదు. ఆ మరునాటి నుండి పుస్తకములు నింపించుటయే తప్పు.

వ్రేళ్లకు బలము వచ్చినంతనే దస్తూరి వచ్చునని కూడ అనుకొనరాదు. పిండి పిసికిన బిడ్డ పిండి బాగుగ పిసుకును. వ్రాత వ్రాయుటచేతనే వచ్చును. చేయి సిద్ధమైన పిదప దినమునకు పది నిమిషములు, ఎదుట పెద్దలొకరు కూర్చుండి, అక్షరము ఎచ్చట మొదలై ఎటు తిరుగునో చూపుచు వ్రాయించవలెను. అక్షరము తప్పు చోట మొదలిడు అలవాటు ఒకమారు పడిన, దానిని మాన్పుట క్రొత్తగా నేర్పుటకంటె కష్టము. వ్రాయునప్పుడు పాదములు నేలకు గాని పీటకు గాని ఆనవలెను. మోచేయి బల్లపై నుండవలెను. గోడకు తగిలించిన నల్లబల్లపై నిలువబడి వ్రాయుటయు మంచిది. అట్లు వ్రాయునప్పుడు మణికట్టు తనంతట తానే సరియైన వంపు తీసికొనును.

ఎడమచేతివాటము గల బిడ్డలను గూర్చి ఒక్క మాట. నూటికి సుమారు పదిమంది అట్టివారుందురు. అది దోషము కాదు, చేటు కాదు. పూజకు కుడిచేయి చాచుట మీరు నేర్పుకొనవచ్చును. వ్రాతకు మాత్రము చేయి మార్పింపవలదు. వెనుక ఒకప్పుడు మేమును ఎడమచేతిపై కొట్టి మార్పించితిమి. అట్టి చేతులలో కొన్ని ఏ వైపునను చక్కగా వ్రాయలేకపోయినవి. అట్టి బిడ్డకు పుస్తకము పై యంచును కొంచెము కుడివైపునకు వాల్చి పెట్టుడు, చాలును.

ఐదారేండ్లు నిండినను బొత్తాము పెట్టుకొనలేని, చెంచా పట్టలేని, నాలుగు గీతలకే చేయి వణకు, లేక ఒక చేతినే యెప్పుడును వాడక దాచుకొను బిడ్డలు కొందరుందురు. వారిని సోమరులనరాదు. ముందు కన్నుల పరీక్ష చేయించి, పిల్లల వైద్యుని చూడుడు. వ్రేళ్ల పనిని నేర్పు ఆక్యుపేషనల్ థెరపిస్టులు నగరమున కలరు. ఈ మాట మేము చెప్పినప్పుడు, మీ బిడ్డను తక్కువ చేసితిమని కోపగింపవలదు.

మా బాలుని సంగతి సగములో విడిచితిమి. వాని తల్లిగారి సమ్మతితో దీపావళి నుండి సంక్రాంతి వరకు మూడు భాషలలోను పెన్సిలు వ్రాత నిలిపివేసితిమి. తెలుగు మానిపింపుమని వచ్చిన ఆమెకు మూడును మానిపించితిమి. ఆమె మొదట భయపడెను. వాడు బడిలో మట్టి పిసికెను, గుంటలాట ఆడెను, నల్లబల్లపై తడిగుడ్డతో సున్నలు త్రిప్పెను. ధనుర్మాసమున నాయనమ్మ ప్రక్క కూర్చుండి వాకిట ముగ్గులు వేసెను. ఆమెయే మాకీ సంగతి చెప్పినది. సంక్రాంతి పిదప పలకపై ర వ్రాసెను. ఇప్పుడు మూడు భాషలును వ్రాయుచున్నాడు. దస్తూరి ముత్యముల వలె నున్నదని చెప్పము, వత్తులు ఇంకను ప్రక్క గీతలోనికి జారుచున్నవి. కన్నీరు లేదు. అన్నపు డబ్బా మూత వాడే తీసికొనుచున్నాడు, ప్రక్కనున్న పిల్లల మూతలు కూడ తీసి యిచ్చుచున్నాడు.

రాబోవు సంవత్సరము నుండి శిశుతరగతులలో ఇంటివ్రాత ఉండదు. కాలపట్టికలో మూడు వ్రాతగంటలు ఒకదాని వెంట నొకటి రాకుండునట్లు మార్చితిమి. శిశుతరగతుల పుస్తకముల ప్రదర్శనయు మానితిమి. పుస్తకము ఖాళీగా నున్నదని మీరు బెంగపెట్టుకొనవలదు. ప్రతి శనివారము ఉదయము ఆటస్థలములో ముగ్గు, గుంటలాట జరుగును. తీరిక గల అమ్మమ్మలు, నాయనమ్మలు వచ్చిన కుర్చీలు వేయింతుము. జూన్ నెలలో బిడ్డతో ఈ వస్తువులు పంపుడు: ఒక పలక, తడిపి తుడుచుకొనుటకు చిన్న గుడ్డ, గుప్పెడు బియ్యపు పిండి. బలపములు క్రొత్తవి, పొడుగువి వలదు. అంగుళము మించని విరిగిన ముక్కలు పంపుడు. అంత చిన్న ముక్కను పిడికిట పట్టుట కుదరదు, మూడు వ్రేళ్లతోనే పట్టవలెను.